ఆత్మపరిశీలనకు ఏ పద్ధతి ఎవరికి తగును?

నెలకొకసారి ప్రభువు బల్ల ఉన్న ఆదివారం నాడు కాపరిగారు "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్న కొరింథీయుల పత్రికలోని మాట చదివి, తలలు వంచి మౌనంగా ఉండమని ఒక నిమిషం ఇస్తారు. బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగు సంఘం అద్దెకు తీసుకున్న హాలులో ఆ నిమిషం నాకు చాలా సంవత్సరాలు ఒకే విధంగా గడిచింది. బయట రింగు రోడ్డు మీద హారన్లు మోగుతుంటే, వెనుక వరుసలో ఎవరో చంటిబిడ్డను సముదాయిస్తుంటే, నేను "తెలిసీ తెలియక చేసిన పాపములన్నిటిని క్షమించుము తండ్రీ" అని చిన్నప్పటి నుండి నోటికి వచ్చిన వాక్యాన్ని చెప్పుకొని, తల ఎత్తి, రొట్టె ముక్క అందుకునేవాణ్ణి. ఆ ప్రార్థనలో అబద్ధం లేదు గాని, ఏ పాపానికీ పేరు పెట్టలేదు కాబట్టి పరీక్ష కూడా లేదు. అది గ్రహించిన తర్వాత, క్రైస్తవ సంఘ చరిత్రలో వేర్వేరు శాఖలవారు నేర్పిన పద్ధతులను ఒక్కొక్కటిగా కొన్ని నెలలపాటు ఆచరించి చూశాను. ఆచరించలేని ఒకదాని గురించి దానిలో పెరిగినవారిని అడిగి తెలుసుకున్నాను. వీటిలో ఏది గొప్పదన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు; ఏది ఎవరికి తగును అన్న ప్రశ్నకు మాత్రం కొంత ఉంది. ప్రతి మనిషి హృదయానికీ దాక్కునే చోటు ఒకటి ఉంటుంది. ఆ చోటున వెలుగు పడే పద్ధతిని ఎంచుకోవాలి గాని, మన స్వభావానికి సుఖంగా ఉండే పద్ధతిని కాదు.

ఎంపికకు ముందు ఒక తేడా స్పష్టంగా తెలుసుకోవడం అవసరం. బెంగళూరులో ఉద్యోగం చేసే మనలో చాలామందికి ఏడాదికొకసారి సెల్ఫ్ అప్రైజల్ ఫారం నింపడం అలవాటు. అక్కడ సాధించినవాటిని పెద్దవి చేసి, లోపాలను "నేర్చుకునే అవకాశాలు"గా మార్చి రాయడం నేర్చుకుంటాం. అదే చెయ్యి, అదే మనసు రాత్రి పడక దగ్గర మోకరించినప్పుడు కూడా పనిచేస్తుంది. శ్వాసను గమనిస్తూ, వచ్చే ఆలోచనలను తీర్పు తీర్చకుండా చూడమని చెప్పే ఫోన్ యాప్‌లు ఇంకొక రకం. అలసిన మనసుకు వాటివల్ల నెమ్మది కలుగుతుంది, దానిని నేను తక్కువ చేయను. అయితే దావీదు 139వ కీర్తనలో "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అంటున్నాడు. పరిశోధించేది దేవుడు, దావీదు తలుపు తీసేవాడు మాత్రమే. వినేవాడు, చూసేవాడు ఒకడున్నాడనే ఎరుక లేకపోతే కింద చెప్పే పద్ధతులన్నీ మంచి అలవాట్లుగా మిగులుతాయే గాని ఆత్మపరిశీలన కావు.

మొదటిది, ఎక్కువమందికి తగినది, ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన దినపరిశీలన. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఆ స్పెయిన్ సైనికుడు, మంచాన పడి ఉన్నప్పుడు తన మనసులో కలిగే కదలికలను గమనించడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయన కూర్చిన ఆత్మీయ సాధనల గ్రంథానికి 1548లో పోపు ఆమోదం లభించింది. అందులోని దినపరిశీలనకు ఐదు మెట్లు: దేవుని మేలులకు కృతజ్ఞత చెల్లించడం, పాపాలను ఎరిగే కృపను అడగడం, లేచిన క్షణం నుండి గంట గంటకూ జరిగినదాన్ని ఆలోచనలోను, మాటలోను, క్రియలోను లెక్క చూసుకోవడం, క్షమాపణ అడగడం, రేపటికి ఆయన కృపతో సవరించుకుంటానని తీర్మానించడం. మొత్తం పది పదిహేను నిమిషాల పని. దీని బలమంతా మొదటి మెట్టులో ఉంది. తప్పుల కంటే ముందు మేలులను లెక్కించిన మనిషి, తండ్రి ముందు నిలబడిన బిడ్డలా తన తప్పును చూస్తాడు. నేరుగా తప్పులతో మొదలుపెట్టినవాడు పోలీసు స్టేషనులో నిలబడినట్టు చూస్తాడు. మొదటి మెట్టును తొందరగా దాటేసిన రాత్రులన్నీ నాకు విసుగుతోనే ముగిశాయి. మేలు అంటే పెద్దదే కానక్కరలేదు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సులో సీటు ఇచ్చి లేచిన కాలేజీ కుర్రవాడు ఒక మేలు, మధ్యాహ్నం డబ్బాలో ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకొని వేసిన గోంగూర పచ్చడి ఇంకొక మేలు.

దీనికి ఒక బలహీనత ఉంది. రోజంతటినీ చూస్తుంది కాబట్టి, తనను తాను సమర్థించుకోవడంలో ఆరితేరినవాడు రోజంతటిలో ఎక్కడైనా దాక్కోగలడు. అటువంటివారికి అదే ఇగ్నేషియస్ ఇచ్చిన రెండవ పద్ధతి, ఒకే ఒక్క దోషాన్ని ఎంచుకొని దానినే వెంటాడేది, ఎక్కువ ఉపయోగం. ఉదయం లేవగానే ఆ దోషం విషయంలో జాగ్రత్తపడాలని నిశ్చయించుకోవాలి. అందులో పడిన ప్రతిసారీ పక్కవారికి తెలియకుండా గుండె మీద చెయ్యి ఉంచుకోవాలి. మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి, పుస్తకంలో గీసుకున్న గీత మీద పడినన్ని చుక్కలు పెట్టాలి. రోజుకు రెండు గీతలు. ఈ రోజును నిన్నటితోను, ఈ వారాన్ని పోయిన వారంతోను పోల్చి చూడాలి.

నేను ఎంచుకున్న దోషం ఎదుటివారి మాట పూర్తికాకముందే తెంచేయడం. గుంటూరు నుండి మా అమ్మ ఫోను చేసినప్పుడు "సరే అమ్మా, ఇంకేంటి" అని రెండు నిమిషాలకే అనేవాణ్ణి. ఇంట్లో భార్య మాట్లాడుతుంటే విషయం తెలిసిపోయిందన్నట్టు తల ఊపి లేచిపోయేవాణ్ణి. నలభై రూపాయల చేతి పుస్తకంలో గీతలు గీసి మొదలుపెట్టిన మొదటి రోజు మధ్యాహ్నం గీత మీద ఒక్క చుక్క కూడా లేదు, రాత్రి గీత మీద ఏడు. రెండవ రోజు మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఆరు. రెండు వారాలు గడిచాక పుస్తకాన్ని ఎదురుగా పెట్టుకొని చూస్తే, పై గీతలు దాదాపు ఖాళీగా, కింది గీతలు మిరియాలు చల్లినట్టుగా ఉన్నాయి. ఆఫీసులో పై అధికారి ముందు ఓపికగా వినే మనిషినే, ఇల్లు చేరి చెప్పులు విడిచినది మొదలు భోజనానికి కూర్చునే దాకా ఉన్న గంటన్నరలో ఎవరి మాటా విననివాడినయ్యేవాణ్ణి. అంటే నాకు ఓపిక లేకపోవడం కాదు. జీతం ఇచ్చేవారికి ఇచ్చి, ఇంటివారికి ఇవ్వడం లేదు. ఈ సంగతి నాకు ఏ ప్రసంగమూ చెప్పలేదు, చుక్కలు చెప్పాయి. అప్పటి నుండి అపార్టుమెంటు కింద పార్కింగులో వాచ్‌మన్ కుర్చీ పక్కనున్న గట్టు మీద పది నిమిషాలు కూర్చొని, ఒక కీర్తన చదువుకొని, ఆ తర్వాతే పైకి వెళ్తున్నాను. జ్ఞానము కొదువగా ఉన్నవాడు దేవుని అడగవలెనని యాకోబు రాసిన మాటకు, నా విషయంలో, జవాబు ఆ గట్టు రూపంలో వచ్చిందని నమ్ముతాను.

అయితే ఈ చుక్కల పద్ధతిని అందరికీ సిఫారసు చేయలేను. తనను తాను అదేపనిగా నిందించుకునే మనస్తత్వం గలవారు దీని జోలికి పోకూడదు. ఇది నేను ఊహించి చెప్పే మాట కాదు. ఇగ్నేషియస్ స్వయంగా స్పెయిన్‌లోని మన్రేసా పట్టణంలో ఉన్న కాలంలో, ఒప్పుకున్న పాపాలనే సరిగా ఒప్పుకోలేదేమోనన్న అనుమానంతో మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ, ప్రాణం తీసుకోవాలన్న తలంపు దాకా వెళ్లాడు. అదే శతాబ్దంలో, తర్వాత ప్రొటెస్టంటు సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకొని, బయటికి వచ్చి ఇంకొకటి గుర్తొచ్చిందని తిరిగి వెళ్లేవాడు. పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో దైవచిత్తానుసారమైన దుఃఖం వేరు, లోకదుఃఖం వేరు అంటాడు. మొదటిది మారుమనస్సుకు నడిపిస్తుంది, రెండవది మరణానికి. పరిశీలన తర్వాత ఒక మనిషి దగ్గరికి వెళ్లి క్షమాపణ అడగాలని, ఒక అప్పు తీర్చాలని అనిపిస్తే అది మొదటి రకం. నిద్ర పట్టక, క్షమాపణ దొరికిందో లేదోనని అదే ప్రార్థనను పదిసార్లు, ఇరవైసార్లు చెప్పుకోవలసి వస్తుంటే, దానిని భక్తి అని మెచ్చుకోవడం ఆ మనిషికి చేసే అన్యాయం. ఇటువంటి బాధ ఓసీడీ అనే వ్యాధికి ఒక రూపం కావచ్చునని వైద్యులకు తెలుసు, దానికి చికిత్స ఉంది, ఈ నగరంలోనే నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది. ప్రార్థన చేయించుకోవడంతో పాటు వైద్యుని దగ్గరికి కూడా వెళ్లడంలో అవిశ్వాసం ఏమీ లేదు. అటువంటివారు ఆత్మపరిశీలనలో కృతజ్ఞత అనే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినా, దేవుని ఎదుట వారికి లోటు ఉండదు.

మూడవది మన గుంటూరు ప్రాంతపువారికి ఇంటి ఆస్తి వంటిది. 1842లో హయ్యర్ మిషనరీ గుంటూరుకు వచ్చిన తర్వాత పెరిగిన లూథరన్ సంఘాల పిల్లలు పది ఆజ్ఞలను, వాటి అర్థాలను కెటకిజం అనే ప్రశ్నోత్తరాల విశ్వాస పాఠంలో వల్లెవేసినవారే. కాని వల్లెవేసినదానిని పరీక్షకు వాడుకోవడం చాలామందికి ఎవరూ నేర్పలేదు. లూథర్ తన చిన్న కెటకిజంలో చెప్పిన విధానం చాలా సూటిగా ఉంటుంది. పది ఆజ్ఞల వెలుగులో నీ స్థానాన్ని చూసుకో. నీవు తండ్రివా, తల్లివా, కొడుకువా, కూతురువా, యజమానివా, పనివాడివా, ఆ స్థానంలో అవిధేయుడవుగా, నమ్మకం లేనివాడవుగా, సోమరిగా ఉన్నావా, ఎవరినైనా మాటతోనో చేతతోనో బాధపెట్టావా అని అడుగుతాడు. ఇంకా 1535లో తన మంగలి పీటరు ప్రార్థన ఎలా చేయాలని అడిగితే రాసి ఇచ్చిన సలహాలో, ప్రతి ఆజ్ఞనూ నాలుగు పేటల దండగా అల్లుకోమన్నాడు: ఇది నాకు ఏమి నేర్పుతున్నది, దీని కోసం దేవునికి ఎందుకు కృతజ్ఞత చెప్పాలి, ఇందులో నేను ఒప్పుకోవలసినది ఏమిటి, ఇప్పుడు ఏమి అడగాలి. ప్రభువు బల్లకు ముందు రోజు శనివారం సాయంత్రం అరగంట కూర్చోగలవారికి ఇది చక్కగా సరిపోతుంది.

పాపమంటే పెద్ద పెద్ద నేరాలేనని అనుకొని తమలో ఏమీ దొరకదనేవారు ముఖ్యంగా దీనిని ఎంచుకోవాలి. "దొంగిలకూడదు" అన్న ఆజ్ఞను యజమాని స్థానంలో నిలబడి చదివితే, రెండు రోజులు రాలేదని పనిమనిషి జీతంలో కోసిన డబ్బు కళ్ల ముందుకు వస్తుంది; ఉద్యోగి స్థానంలో నిలబడి చదివితే, ఇంటి నుండి పనిచేస్తున్నామని చెప్పి గడిపిన మధ్యాహ్నాలు వస్తాయి. "నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము" అన్న ఆజ్ఞ, ఊరి నుండి తెచ్చుకొని పదకొండవ అంతస్తులో, భాష తెలియని నగరంలో, పిల్లల్ని చూసుకోవడానికి కూర్చోబెట్టిన ముసలి తల్లిదండ్రుల ముఖాలను చూపిస్తుంది. మిగతా ఆజ్ఞల కంటే ఇది మన తరంలో ఎక్కువమందిని పట్టుకుంటుందని నా అభిప్రాయం. (భార్యాభర్తలలో ఒకరు లూథరన్, ఒకరు బాప్టిస్టు అయితే ఆజ్ఞల సంఖ్యలు కలవవు, లూథరన్లకు, కతోలికులకు వ్యభిచారం గురించినది ఆరవది, బాప్టిస్టులకు ఏడవది. సంఖ్యలు వదిలేసి మాటలతోనే చదువుకోవడం మంచిది.)

ఇంతవరకు చెప్పినవన్నీ ఒంటరిగా చేసేవి. ఒంటరిగా చేసే ఏ పద్ధతికైనా ఉన్న చిక్కు, అడిగేవాడూ జవాబిచ్చేవాడూ ఒకడే కావడం. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ ఈ చిక్కును బాగా ఎరిగినవాడు. 1738లో ఆయన చిన్న బృందాలకు నియమాలు రాశాడు. వారానికొకసారి కలవాలి, పురుషులు వేరుగా, స్త్రీలు వేరుగా, ఒకరు ముందుగా తన స్థితిని చెప్పి, తర్వాత మిగతావారిని అడగాలి. పోయినసారి కలిసిన తర్వాత తెలిసి చేసిన పాపాలేవి, ఎదురైన శోధనలేవి, వాటి నుండి ఎలా తప్పించబడ్డావు, పాపమో కాదో తెలియక సందేహపడుతున్న మాట గాని తలంపు గాని పని గాని ఏదైనా ఉందా అన్నవి అక్కడ అడిగే ప్రశ్నలు. చేరేముందే "నీ తప్పులు నీకు చెప్పబడాలని నీవు కోరుకుంటున్నావా" అని కూడా అడిగేవారు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అన్న యాకోబు మాటను ఇంత అక్షరాలా ఆచరణలో పెట్టిన ఏర్పాటు ఇంకొకటి నేను చూడలేదు.

ఊరు వదిలి వచ్చి, పీజీ హాస్టళ్లలో ఉంటూ, తనను చిన్నప్పటి నుండి ఎరిగినవారు ఒక్కరూ లేని యువతీయువకులకు నేను మొదట చెప్పేది ఇదే. ఊరిలో మనిషిని సంఘమూ వీధీ కనిపెట్టి ఉంటాయి. ఇక్కడ రెండు జీవితాలు గడపడం చాలా తేలిక, ఎవరికీ తెలియదు. కాని బృందాన్ని ఎంచుకోవడంలో ఎంతో జాగ్రత్త కావాలి. ఒక సహవాసంలో నేను కన్నీళ్లతో చెప్పుకున్న ఇంటి విషయం, వారం తిరగకముందే "ఫలానా సహోదరుని కుటుంబం కొరకు ప్రార్థించండి" అనే సందేశంగా వాట్సాప్ గ్రూపులో నూట యాభై మందికి చేరింది. పంపినవారి ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు, కాని ఆ తర్వాత రెండేళ్లు నేను ఎవరితోనూ నోరు విప్పలేదు. కాబట్టి నలుగురికి మించకుండా, ఫోన్లు పక్క గదిలో పెట్టి, చెప్పినది ప్రార్థన అంశంగా కూడా బయటికి వెళ్లకూడదని ముందే మాట తీసుకొని మొదలుపెట్టాలి. తన తప్పు ముందుగా చెప్పని నాయకుడున్న బృందంలో చేరకపోవడమే క్షేమం. మాటకారులు కూడా ఇక్కడ ఆలోచించుకోవాలి. సాక్ష్యం చెప్పడంలో నేర్పు ఉన్నవాడు తన పాపాన్ని కూడా వినసొంపుగా చెప్పి, విన్నవారి కన్నీళ్లతో తృప్తిపడి ఇంటికి వెళ్లగలడు. అతనికి ఎవరూ వినని చుక్కల పుస్తకమే తగినది.

కతోలికులకు పాపసంకీర్తనం ఉంది. గురువు (ప్రీస్టు) ఎదుట పాపాలను చెప్పి పాపవిమోచనం పొందడం అక్కడ దివ్యసంస్కారం, వారి విశ్వాసంలో అది మిగతా పద్ధతులతో పోల్చదగిన ఒక పద్ధతి మాత్రమే కాదు. చావైన పాపాలను, అంటే ఆత్మకు మరణం తెచ్చేంత ఘోరమైనవాటిని, కనీసం ఏడాదికొకసారి ఒప్పుకోవాలన్న నియమం 1215 నాటి నాలుగవ లాటరన్ మహాసభ నుండి ఉంది. పాపసంకీర్తనానికి ముందు చేసే ఆత్మశోధన దానిలో భాగం. రహస్యం విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు, గురువు తాను విన్నదానిని ఏ పరిస్థితిలోనూ బయటపెట్టకూడదు. ప్రొటెస్టంట్లలో దీనికి దగ్గరగా ఉండేది నమ్మదగిన వృద్ధ కాపరితో ఏకాంతంగా మాట్లాడటం. బెంగళూరులో ఎదురయ్యే ఇబ్బంది భాష. ఒక కతోలిక సహోద్యోగి నాతో చెప్పినది ఇక్కడ ప్రస్తావించదగినది. ఇంగ్లీషులో "ఐ వాజ్ ఇంపేషంట్ విత్ మై మదర్" అని గురువుతో చెప్పడం అతనికి చాలా తేలికగా ఉండేదట. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు తెలుగు గురువు ఎదుట "మా అమ్మను కసురుకున్నాను" అని చెప్పేసరికి గొంతు పెగలలేదట. పద్ధతి ఏదైనా, భాష విషయంలో ఈ సలహా అందరికీ వర్తిస్తుందని అనుకుంటాను. మనం తప్పు చేసిన భాషలోనే దానిని ఒప్పుకోవాలి. ఆఫీసు భాషలో పాపానికి పదును ఉండదు.

డైరీ రాసుకోవడం గురించి తక్కువగానే చెప్తాను. మరచిపోయేవారికి మంచిది, రాతలో నేర్పు ఉన్నవారికి మంచిది కాదు, వారు తెలియకుండానే పాఠకుడి కోసం రాస్తారు. ఏడాదికొకసారి రెండు మూడు రోజులు పక్కకు వెళ్లి ప్రశాంతంగా కూర్చోవడం ఇంకొక మార్గం. కుంబళగోడు దగ్గరున్న ఆశీర్వనం బెనెడిక్టు మఠం, వైట్‌ఫీల్డ్‌లోని ఎక్యుమెనికల్ క్రిస్టియన్ సెంటర్ వంటి చోట్లు నగరం అంచులలోనే ఉన్నాయి. ఉద్యోగం మారాలా, పెళ్లికి ఒప్పుకోవాలా, తిరిగి ఊరు వెళ్లిపోవాలా వంటి నిర్ణయాల ముందు అటువంటి విరామానికి విలువ ఎక్కువ. కాని రోజూ జరిగే చిన్న అపరాధాలను ఏడాదికొకసారి కూర్చొని లెక్కపెట్టలేము. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేసే తీర్మానాలు సంక్రాంతి దాకా కూడా నిలవకపోవడానికి కారణం ఇదే.

ఎంచుకున్నదానిని ఎంతకాలం చూడాలని అడిగేవారికి, ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస రోజులలాగా నలభై రోజులు అని చెప్తాను, మధ్యలో మార్చకుండా. వేళ కూడా స్వభావాన్ని బట్టే ఉండాలి. పడక మీదికి చేరిన తర్వాత మొదలుపెట్టినవారు రెండవ మెట్టు దగ్గరే నిద్రపోతారు. వైట్‌ఫీల్డ్ నుండి మెజెస్టిక్ వైపు మెట్రోలో వచ్చేవారికి కూర్చునే చోటు దొరికితే ఆ ప్రయాణమే సరిపోతుంది; బండి నడిపేవారు మాత్రం దారిలో ప్రయత్నించకూడదు, సిల్క్ బోర్డు కూడలిలో కళ్లు రోడ్డు మీదే ఉండాలి. పిల్లలున్న ఇంట్లో కుటుంబ ప్రార్థన ముగిసిన వెంటనే, దీపం ఆర్పకముందు, ఐదు నిమిషాలు ఎవరి చోట వారు మౌనంగా కూర్చోవచ్చు. పిల్లలను మాత్రం వారి తప్పులు పైకి చెప్పమని అడగకండి. తండ్రి తన తప్పు ఒకటి చెప్పి, అవసరమైతే ఆ బిడ్డ దగ్గరే క్షమాపణ అడిగితే చాలు.

నలభై రోజుల తర్వాత, ఈ పద్ధతివల్ల నాకు నెమ్మది కలిగిందా అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. మత్తయి సువార్తలో ప్రభువు, నీమీద నీ సహోదరునికి ఏదైనా విరోధం ఉన్నట్టు జ్ఞాపకం వస్తే అర్పణను బలిపీఠం ఎదుటనే విడిచి, ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. ఈ నలభై రోజులలో అలా ఎవరి దగ్గరికి వెళ్లాను, ఎవరికి ఫోను చేశాను, ఎవరికి ఏమి తిరిగి ఇచ్చాను అని చూసుకోవాలి. ఒక్క పేరు కూడా లేకపోతే పద్ధతిని మార్చండి: ఒంటరిగా చేస్తున్నవారు ఒక మనిషిని వెతుక్కోండి, గుంపులో చేస్తున్నవారు కొంతకాలం పుస్తకం పట్టుకోండి. నా జాబితాలో మొదటి నలభై రోజులకు ఉన్నది ఒకే పేరు, మా అమ్మది. ఆమెకు ఫోను చేసి, ఇన్నాళ్లూ నీ మాట మధ్యలో తెంచేస్తున్నానమ్మా అని చెప్పాను. "నాకు తెలుసులే నాయనా" అని, పక్కింటివారి గేదె ఈనిన సంగతి మొదటి నుండి చివరి దాకా చెప్పింది.